లోపల మేము, బయట అల్లుడు

ఆ వేసవిలో మా వీధికి దొంగల భయం పట్టుకుంది. దొంగ మాత్రం ఒక్కడూ కనిపించలేదు. అయినా జనం మా కొట్టు ముందు బారులు తీరి తాళాలు కొన్నారు. గేటుకొకటి, సైకిలుకొకటి, చివరికి ఒకావిడ నీళ్ల ట్యాంకు మూతకి కూడా తాళం కావాలంది. నాన్న ఆవిడ మొహంలోకి ఓసారి చూసి, నవ్వు ఆపుకుని, తుప్పు పట్టని రకం ఇచ్చాడు.

దీనంతటికీ కారణం వీధి చివర మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ. జైలు అధికారులు దాన్ని హాస్టలుగా మారుస్తామన్నారు. శిక్షలో ఆఖరి ఏడాది మిగిలినవాళ్లు అందులో ఉంటారు, పగలు ఊళ్లో పని చేసుకుంటారు, పొద్దుగూకేలోపు తిరిగొచ్చి హాజరు పలుకుతారు. అయితే వీధివాళ్లు సరేనంటేనే. వేసవి చివర్లో ఓటింగు పెడతాం, ఈలోగా ఆలోచించుకోండని చెప్పి వెళ్లారు. మా వీధికి ఆలోచించుకోమని చెప్పకూడదు. మాకు ఆలోచన అంటే అరవడమే.

మేం అరవడం మొదలుపెట్టేలోపే ఒక మనిషి దిగాడు. ఫ్యాక్టరీ గోడలకి సున్నం వెయ్యడానికి ముందుగా పంపిన ఖైదీ. రోజూ సాయంత్రం పోలీసుస్టేషనుకి వెళ్లి కనిపించి రావాలి, అంతే కాపలా. జైలుకి అత్తారిల్లని పేరు ఉండనే ఉంది కాబట్టి వీధి అతనికి అల్లుడని పేరు పెట్టింది. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. ఒకరోజు మంచినీళ్లడిగితే ఇచ్చాను. వీధి ఒప్పుకుంటే మిగిలిన ఏడాది ఇక్కడే ఉంటానని, ఆదివారం ఆదివారం కూతురు వచ్చి చూసిపోవచ్చని అప్పుడే చెప్పాడు. ఒప్పుకోకపోతే మళ్లీ గోడల మధ్యకి వెళ్లాల్సిందే. "అక్కడైతే ఇనుప జాలీ అవతలి నుంచి చూడాలండీ. దానికి నా మొహం సగమే కనపడుతుంది" అన్నాడు. ఏం చేసి వెళ్లావని మాత్రం నేను అడగలేదు. అడిగితే బాగుండదని ఊరుకున్నాను.

అడగాల్సిన అవసరం వీధికి కూడా కనిపించలేదు. వచ్చిన రెండోరోజే అతను మా కొట్టు ముందు నిలబడి, అద్దం వెనక వేలాడుతున్న తాళాలకేసి చాలాసేపు చూశాడట. "తాళాల్ని చదువుతున్నాడు" అని టీ కొట్టాయన ప్రకటించాడు. ఇంకేముంది, ఆ సాయంత్రానికి అల్లుడు ఘరానా దొంగ అయిపోయాడు. మర్నాడు పొద్దున్నకల్లా ఏదో బ్యాంకు లాకరు కూడా తెరిచేశాడు.

మా ఇల్లు కొట్టు వెనకే. ఇంట్లో నాన్న, అత్త, నేను. అత్త నాన్నకి అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. బళ్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయింది గానీ ఆవిడ మెళ్లో విజిల్ రిటైర్ కాలేదు. హాస్టలు వద్దనేవాళ్లకి ఆవిడే నాయకురాలు. నేను అప్పుడే డిగ్రీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. నోటికి మాత్రం తీరిక లేదు. హాస్టలు కావాలనేవాళ్లలో నేను ముందు వరస. నాన్న ఏ వైపూ కాదు.

"అదేంటి నాన్నా, నువ్వూ ఏదో ఒకటి చెప్పాలిగా?" అంటే, ఆకురాయితో తాళంచెవి పళ్లు రాస్తూ తలెత్తకుండా చెప్పేవాడు.

"రెండు వైపులవాళ్ల ఇళ్లకీ తలుపులున్నాయమ్మా."

మా వీధి హాల్లో చర్చకి ఒక పద్ధతుంది. ఒకప్పుడు ఎవరి ఉపన్యాసం అయిపోగానే వాళ్లూ, వాళ్లకి చప్పట్లు కొట్టేవాళ్లూ కలిసి లేచి వెళ్లిపోయేవారట. ఎదుటి పక్షం ఖాళీ కుర్చీలకి జవాబు చెప్పుకునేది. అందుకని పెద్దవాళ్లు ఒక కట్టుబాటు పెట్టారు. చర్చ మొదలవగానే తలుపుకి బయట నుంచి తాళం వేస్తారు. ఆఖరి మనిషి మాట్లాడేదాకా ఎవరూ కదలడానికి లేదు. తాళంచెవి ఎదురుగా ఉన్న టీ కొట్టాయన దగ్గర ఉంటుంది. లోపలి నుంచి తలుపు తడితే ఆయనొచ్చి తీస్తాడు. ఇలా మూసిపెట్టడం వల్ల ఎవరి మనసూ మారిన దాఖలా లేదు గానీ, ఎదుటివాళ్లు ఏమంటారో మాత్రం అందరికీ కంఠతా వచ్చేసింది.

హాలు కార్యదర్శి రిటైరైన పోస్టుమాస్టరు, నెమ్మదస్తుడు. జైలు సంగతి మీద ఒక్కసారిగా పడితే జనం కొట్టుకుంటారని, ముందు మూడు ఆదివారాలు వేరే విషయాలు పెట్టాడు. మద్యం, మత్తుమందులు, తుపాకులు. వేడి మెల్లమెల్లగా ఎక్కాలని ఆయన ఉద్దేశం.

మద్యం ఆదివారం నిషేధం ఉండాలా ఎత్తెయ్యాలా అని గొంతులు పోయేలా వాదించుకున్నారు. దొంగసారా కాచేవాళ్లని ఏళ్లకేళ్లు లోపలే ఉంచాలని అత్త విజిల్ ఊది మరీ చెప్పింది. ఆ రోజు గొంతు తడుపుకోవడానికి రెండు పక్షాలవాళ్లూ టీ కొట్టు మీద పడితే, ఆయన పాలు అయిపోయాయి. మత్తుమందుల ఆదివారం మందుల షాపాయన లేచి, అలవాటు పడ్డవాడు నేరస్తుడు కాదు, రోగి అని మొదలుపెట్టి, మధ్యలో తన అన్నకొడుకు సంగతి చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. ఆ రోజు ఎవరూ అరవలేదు. తుపాకుల ఆదివారం మళ్లీ సందడే. ఇంటికో తుపాకీ ఉంటే దొంగ దరిదాపులకి రాడని అటవీ శాఖలో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన గట్టిగా వాదించాడు. సర్వీసులో ఎన్నిసార్లు పేల్చారని అడిగాను. ఒక్కసారి అన్నాడు. దేనికి తగిలిందంటే కాసేపు నసిగి, "మా జీపు టైరుకి" అన్నాడు.

ఇక మిగిలింది జైలు. కావాలి అనడానికి నేను, వద్దనడానికి అత్త. ఆ వారమంతా మేమిద్దరం మాట్లాడుకోలేదు. నాన్న మధ్యలో నలిగిపోయాడు.

"ఒరేయ్, మేధావిగారు భోంచేస్తారేమో అడుగు."

"నాన్నా, జైలరుగారు తిన్నాక తింటానని చెప్పు."

"ఇద్దరికీ వినపడుతోందిగా, మళ్లీ నేనెందుకు?" అనేవాడు నాన్న.

ఇది చాలదన్నట్టు అత్త హాలు భద్రత మీద పడింది. అల్లుడు దూరతాడని కిటికీలకి ఇనుప ఊచలు పెట్టించింది. పాత తాళం అతనికి ఒక లెక్కా అని, కొత్తది చెయ్యమని నాన్న వెంటపడింది. ఆ హాల్లో ఉన్నది మడత కుర్చీలు, గరగరలాడే మైకు. అయినా నాన్నకి హుషారొచ్చింది. ఎన్నాళ్లుగానో మనసులో ఉన్న ఒక తాళాన్ని చేసి తలుపుకి బిగించాడు. దానికి వేరే తాళంచెవి పెట్టి తిప్పితే లోపల ఒక మీట లేచి పట్టేసుకుంటుంది. ఆ తర్వాత అసలు తాళంచెవి పెట్టినా తిరగదు. ముందు దాన్ని వెనక్కి తిప్పి మీట దించాలి, అప్పుడే తెరుచుకుంటుంది. ఈ సంగతి నాన్న వీధిలో కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పాడు. టీ కొట్టాయనకీ చెప్పాడు. ఆయన ఆ సమయంలో టీ వడపోస్తున్నాడు.

నాలుగో ఆదివారం హాలు కిటకిటలాడింది. పోట్లాడుకునే ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాబట్టి, విషయం పట్టనివాళ్లు కూడా వచ్చారు.

"మనిషిని గదిలో పెట్టి తాళం వేస్తే మంచివాడైపోతాడా? అంత సులువైతే మా నాన్న ఈపాటికి దేశాన్నే బాగుచేసేవాడు" అన్నాను. చప్పట్లు. ఆఖరి ఏడాదైనా నలుగురి మధ్యా బతకనివ్వకపోతే, బయటికొచ్చిన రోజున ఎలా బతకాలో ఎక్కడ నేర్చుకుంటాడని అడిగాను. నా ఉపన్యాసం నాకే నచ్చింది.

అత్త లేచింది. విజిల్ ఊదలేదు. అదే నాకు భయమేసింది.

"శిక్ష తప్పు చేసినవాడి కోసమే అనుకుంటోంది మా పిల్ల. తప్పు చెయ్యనివాళ్ల కోసం కూడా. క్లాసులో ఒకడు రాయి విసిరితే, వాణ్ని ఏమీ అనకపోతే, విసరని నలభై మందికి నేనేం చెప్పాలి? మీరు బుద్ధిగా ఉండటం దండగ అని చెప్పాలా? నాకు వాడి మీద కోపం లేదు. నాకు ఆ నలభై మంది మీద బాధ్యత ఉంది."

చప్పట్లు నాకంటే ఎక్కువే పడ్డాయి. నిజం చెప్పాలంటే నా చేతులు కూడా కదిలాయి, ఆపుకున్నాను.

చర్చ అయిపోయింది. కార్యదర్శి తలుపు తట్టాడు. బయట టీ కొట్టాయన తాళంచెవుల గుత్తి గలగలలాడింది. ఏదో పెట్టాడు, తిప్పాడు. ఇంకోటి పెట్టాడు, అది తిరగలేదు. బలంగా తిప్పాడు. టక్కుమని శబ్దం వచ్చింది. నాన్న కళ్లు మూసుకున్నాడు.

"విరిగిపోయిందండీ!" బయట నుంచి కేక. "ఏం కంగారు పడకండి! ఇప్పుడే వెళ్లి తాళాలాయన్ని పట్టుకొస్తా!"

"నేను లోపలే ఉన్నానయ్యా!" అని నాన్న అరిచేసరికి సైకిలు బెల్లు వీధి మలుపు తిరిగిపోయింది. చేతి ఫోన్లు ఇంకా రాని రోజులు. ఆయన మా కొట్టు దగ్గరికి వెళ్లి, మూసి ఉందని చూసి, నాన్న కోసం ఊరంతా వెతుక్కుంటూ పోయాడని తర్వాత తెలిసింది.

అత్త ఉన్నట్టుండి లేచి నిలబడింది. "గింజలు!"

చర్చ అయ్యే వేళకి ఉడుకుతాయని లెక్క వేసి, సన్నసెగ మీద చిక్కుడు గింజలు పెట్టి వచ్చిందట. అత్త లెక్క ఎప్పుడూ తప్పదు, తలుపు తెరుచుకుంటే. మా ఇల్లు మలుపు తిరగ్గానే ఉంది, కిటికీ ఊచల్లోంచి అప్పుడే సన్నగా మాడు వాసన వస్తోంది.

సరిగ్గా అప్పుడు సున్నం బక్కెట్టుతో అల్లుడు అటుగా వచ్చాడు. ఊచల వెనక ఇంతమంది మొహాలు కనపడేసరికి ఆగిపోయాడు.

"ఏమైందండీ?"

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "బాబూ, తలుపు తీసిపెట్టాలి. నీకు తెలిసిన పద్ధతిలో తియ్యి. మేమెవరం చూడంలే."

"ఏ పద్ధతండీ?"

"అదేనయ్యా, తీగ పెట్టి తీస్తారుగా."

"నాకు రాదండీ."

"మొహమాటపడకు బాబూ, ఇది అవసరం."

"నిజంగా రాదండీ. నేను వెళ్లింది సారా కేసులో. మా ఇంటికి తాళం కూడా ఉండేది కాదు."

అతని గురించి వేసవంతా మాట్లాడాం. అతన్ని అడిగినవాళ్లు లేరు. సారా కాచేవాళ్లని ఏళ్లకేళ్లు ఉంచాలన్న అత్త, చేతిలో విజిల్ తిప్పుతూ ఉండిపోయింది.

"మరి మా కొట్టు ముందు నిలబడి తాళాలకేసి అంతసేపు చూశావటగా?" అని నేనే అడిగాను.

"అక్కడ నీడ ఉంటుందమ్మా" అన్నాడు.

ముందు నవ్వింది నాన్న. ఆ తర్వాత జేబులోంచి కొట్టు తాళంచెవి తీశాడు. సన్నరంపం బ్లేడు, నూనె డబ్బా, ఈ తలుపుదే ఎర్రదారం కట్టిన రెండో తాళంచెవి, అన్నీ కొట్లోనే ఉన్నాయన్నాడు. తెస్తే తలుపు తెరుచుకుంటుంది, వెనక వంటింట్లో స్టవ్ కూడా ఆపొచ్చు. కానీ వీధిలో ప్రతి ఇంటివాళ్లూ తమ రెండో తాళంచెవిని నాన్న దగ్గరే దాచుకుంటారు. అవన్నీ కొట్లో బోర్డు మీద, ఇంటి నంబరుతో సహా వేలాడుతుంటాయి.

"వీధి మొత్తాన్ని అతని చేతిలో పెట్టినట్టే!" అన్నాడు జీపు టైరు పెద్దాయన.

"తాళం తియ్యడం రాదని ఇప్పుడేగా చెప్పాడు" అన్నాను.

"తాళంచెవి ఉంటే తియ్యడం ఎవరికైనా వస్తుంది!"

కార్యదర్శి మాత్రం పద్ధతి వదల్లేదు. అనుకూలంగా ఒకరు, వ్యతిరేకంగా ఒకరు మాట్లాడండి, తర్వాత చేతులెత్తుదాం అన్నాడు. మాడు వాసన ముదురుతోంది. అల్లుడు మెట్టు మీద కూర్చుని ఓపిగ్గా వింటున్నాడు.

"పోనీ ఇంకెవరినైనా పిలుచుకు రానాండీ?" అని మధ్యలో అడిగాడు.

"వీధంతా ఇక్కడే ఉందయ్యా!" అని అందరం ఒకేసారి అరిచాం. ఆ వేసవిలో మేమంతా ఒక్కమాట మీద ఉన్నది అప్పుడే.

"కొట్టు మీది. మీరేమంటారు?" అని కార్యదర్శి నాన్నని అడిగాడు.

నాన్న అరచేతిలో తాళంచెవితో నన్ను చూశాడు, అత్తని చూశాడు. "నేను ఏ వైపూ..." అని మొదలుపెట్టాడు. అలవాటు.

అత్త ఆ తాళంచెవిని నాన్న చేతిలోంచి తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టింది.

"కొట్లోంచి లోపలికి వెళ్తే కుడిచేతి వైపు వంటిల్లు. ముందు స్టవ్ ఆపు. తర్వాత మా తమ్ముడు చెప్పినవి తీసుకో. ఎడమచేతి గదిలోకి వెళ్లకు."

"ఎడమ గదిలో ఏముందండీ?"

"ఏమీ లేదు!"

హాలంతా గొల్లుమంది. అత్త కూడా నవ్వబోయి విజిల్ నోట్లో పెట్టుకుంది. అల్లుడు తాళంచెవి పుచ్చుకుని, తడి సున్నం అంటుతుందని దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని వెళ్లాడు.

రావలసిన వేళకి రాలేదు.

ముందు ఒకరిద్దరు దగ్గారు. "చెప్పానా" అనే మాట వెనక వరసల్లో మొదలై ముందుకొచ్చింది. నేనూ కిటికీ దగ్గరికి వెళ్లి వీధి మలుపుకేసి చూశాను. కొట్టు పోతుందని కాదు. అతను ఆ బోర్డు మీంచి ఒక్క తాళంచెవి తీసినా, అత్తే గెలుస్తుంది, అతని కూతురు మళ్లీ జాలీ వెనక నిలబడుతుంది. నేను వాదించింది ఒక పద్ధతి కోసమని అనుకున్నాను. అప్పుడు తెలిసింది, నాకు కావలసింది ఆ మనిషి తిరిగి రావడమని.

అత్త కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. మాడు వాసన తగ్గింది. ఆ సంగతి ముందు గమనించింది ఆవిడే.

"వస్తాడు" అంది, ఎవరితోనూ కాదు.

వచ్చాడు. ఒక చేతిలో నూనె డబ్బా, ఇంకో చేతిలో మిగతా సామాను. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి, తడిగా ఉన్నాయి.

"ఆలస్యమైందండీ. గింజలు అడుగంటాయి. పైవి బాగానే ఉన్నాయి, వేరే గిన్నెలోకి తీశాను. మాడిన గిన్నె నీళ్లుపోసి నానబెట్టాను. స్టవ్ మీద పొంగింది, చీమలు పడతాయని తుడిచాను." సామాను మెట్టు మీద పెట్టి, "కొట్టు తాళం వేసి మూడుసార్లు లాగి చూశానండీ" అన్నాడు.

అత్త "మసిగుడ్డతో తుడిచావా, తెల్లగుడ్డతోనా?" అని అడిగింది.

"మసిగుడ్డతోనేనండీ. తెల్లది ముట్టుకోలేదు."

అత్త తల ఊపింది. ఆవిడ దగ్గర అంతకంటే పెద్ద మార్కులు నేను కూడా ఎప్పుడూ తెచ్చుకోలేదు.

నాన్న తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చెబుతుంటే అతను అవతల కూర్చుని చేశాడు. నూనె చుక్క వెయ్యమన్నాడు. రంపం పళ్లు పైకి ఉండేలా బ్లేడు దూర్చి, విరిగిన ముక్కని మెల్లగా బయటికి లాక్కోమన్నాడు. రెండుసార్లు జారిపోయింది, మూడోసారి వచ్చింది. ఎర్రదారం తాళంచెవి పెట్టి ముందు వెనక్కి తిప్పమన్నాడు. లోపల మీట దిగిన చప్పుడు మాకందరికీ వినిపించింది.

"తొందరపడని చెయ్యి" అని నాన్న నాతో మెల్లగా అన్నాడు.

తలుపు తెరుచుకోగానే సగం మంది మా కొట్టు వైపు పరిగెత్తారు, బోర్డు మీద తమ తాళంచెవి ఉందో లేదో చూసుకోవడానికి. అన్నీ ఉన్నాయి. ఎప్పటినుంచో మేకు ఊడి కిందపడి ఉన్న జీపు టైరు పెద్దాయన తాళంచెవి కూడా తిరిగి మేకుకి వేలాడుతోంది.

ఆ మరుసటి వారం ఓటింగు. జైలు అధికారి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. చేతులు లెక్కపెడితే హాస్టలు కావాలన్నవాళ్లు కొద్దిపాటి తేడాతో గెలిచారు. వద్దన్నవాళ్లలో అందరికంటే పైకి లేచిన చెయ్యి మా అత్తదే. నాకు ఒళ్లు మండిపోయింది. పంతం పక్కన పెట్టి నేరుగా ఆవిడతోనే మాట్లాడాను.

"అత్తా, అతను మన ఇల్లు కాలిపోకుండా కాపాడాడు!"

"కాపాడాడు. ఒకడు స్టవ్ తుడిచాడని చట్టాలు మార్చేస్తారటే? రేపు వచ్చే పదిమందీ స్టవ్ తుడుస్తారని ఎవరు రాసిచ్చారు?"

అప్పుడు అధికారి లేచి ఇంకో మెలిక చెప్పాడు. హాస్టల్లో ఉండాలంటే ప్రతి ఒక్కరికీ వీధిలో ఎవరో ఒకరు పనివ్వాలి, పూచీ ఉండాలి. మొదటి మనిషి ఇక్కడే ఉన్నాడు కాబట్టి, అతనికి ఎవరిస్తారని అడిగాడు. చేతులెత్తి గెలిపించినవాళ్లందరికీ హఠాత్తుగా పైకప్పు మీద ఏదో కనిపించింది. తలుపు దగ్గర నిలబడ్డ అల్లుడు తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు. నేను నాన్న మోచేతిని పొడిచాను. నాన్న దగ్గాడు, నోరు తెరిచాడు.

విజిల్ మోగింది.

"మా కొట్లో పని ఉంది. పూచీ నాది" అంది అత్త.

అందరూ తిరిగి చూశారు. "మీరు ఇప్పుడే వద్దన్నారుగా?" అన్నాడు అధికారి.

"నేను వద్దన్నది హాస్టల్ని. మనిషిని కాదు." అని కూర్చుంది.

నాకు ఏడుపొచ్చింది. వేసవంతా ఆవిడతో వాదించి గెలిచాననుకున్నదాన్ని, ఆ ఒక్క మాట దగ్గర ఓడిపోయాను. ఆ ఓటమి నాకు ఇప్పటికీ ఇష్టమే.

వానలు పడ్డాయి. అల్లుడు మా కొట్లో ఆకురాయి పట్టాడు. అత్త అతనికి ఎడమచేతి గది కూడా చూపించింది. అందులో నిజంగానే ఏమీ లేదు, పాత డ్రిల్లు డంబెల్సు తప్ప. ఆదివారాలు అతని కూతురు వచ్చేది. నాలుగో ఆదివారానికి విజిల్ అత్త మెళ్లోంచి ఆ పిల్ల మెళ్లోకి మారింది. వీధంతా చెవులు మూసుకుంది గానీ, ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు.

ఆ వానాకాలంలో మొదటి చర్చ పెట్టిన రోజున, తాళంచెవి ఎవరికివ్వాలనే ప్రశ్న వచ్చింది. టీ కొట్టాయనకి మళ్లీ ఇవ్వడానికి ఎవరికీ ధైర్యం లేదు. అల్లుడికే ఇద్దాం, ఆ తాళం సంగతి తెలిసినవాడు అన్నాడు కార్యదర్శి. అందరూ సరేనన్నారు.

అల్లుడు మాత్రం చేతులు నలుపుకున్నాడు. "నన్ను వదిలెయ్యండి. ఈసారి నేను లోపల కూర్చుని వింటానండీ" అన్నాడు.

చివరికి బయట ఉండడానికి నాన్న ఒప్పుకున్నాడు. ఏ వైపూ కానివాడికి అదే సరైన చోటు. అల్లుడు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి రెండో వరసలో, అత్త పక్క కుర్చీ లాక్కున్నాడు.

అత్త అతని వైపు వంగి హెచ్చరించింది. "తలుపుకి తాళం వేసేస్తారు. అయ్యేదాకా లేవడానికి ఉండదు మరి."

అల్లుడు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"అలవాటేనండీ" అన్నాడు.